పాలవేళ ఆరాధన

పోయిన వారం మనం నాగరత్నమ్మను పలమనేరు టౌను చర్చి మెట్ల మీద నోట మాట లేకుండా నిలబెట్టి వచ్చేశాం. ఆమె అలా నిలబడిపోయే రకం కాదని కొందరు పాఠకులు ఉత్తరాలు రాసి నన్ను కోప్పడ్డారు. ఒప్పుకుంటున్నాను. ఆమె ఆ మెట్ల మీద ఉన్నది మహా అయితే రెండు నిమిషాలు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవారికి నాలుగు ముక్కలు చెప్పాలి. పాస్టర్లు తగ్గిపోయారు, సంఘాలు అలాగే ఉన్నాయి. అందుకని ఈ సంఘాలన్నిటి మీదా పెత్తనమున్న మండలివారు ముప్పై నాలుగు సంఘాలను ఎనిమిది గుంపులుగా కలుపుతున్నారు. కాగితాల మీద దాని పేరు పునర్వ్యవస్థీకరణ. పెద్దరాళ్లపల్లెలో మాత్రం అందరూ 'కలిపేది' అంటారు. కలిపితే కలుపుకోనీ, దాంతో ఎవరికీ పేచీ లేదు. కానీ ఆ రోజు టౌను చర్చిలో జరిగిన సమావేశంలో టౌను చర్చి కార్యదర్శి ధనశేఖర్ ఒక జాబితా చదివాడు. 'ఆరాధన జరగని సంఘాలు' అని పదకొండు పేర్లు. వచ్చే నెల మొదటి ఆదివారం ఆ పదకొండు చర్చిలకూ తాళాలు పడతాయి. వాటి బల్ల గిన్నెలూ రిజిస్టర్లూ టౌను చర్చికి చేరతాయి. ఆ తర్వాత ప్రభువు బల్ల, అంటే ప్రభువు పేర ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం, తీసుకోవాలన్నా, బిడ్డకు బాప్తిస్మం ఇప్పించాలన్నా, పెండ్లి చేయాలన్నా పలమనేరు పోవలసిందే. ఆ జాబితాలో నాలుగో పేరు పెద్దరాళ్లపల్లె.

నాగరత్నమ్మ ఆ ఊరి సంఘపెద్ద. అరవై రెండేళ్ల మనిషి, భర్త లేడు, రెండు పాడి ఆవులున్నాయి. ఊళ్లో పాస్టరు లేక ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లలో ఒక్క ఆదివారం కూడా తప్పకుండా ఆరాధన నడిపింది ఆమే. ప్రభువు బల్ల ఇవ్వడానికి మాత్రం ఎక్కడినుంచో ఒక పాస్టరు రావలసిందే. చికున్‌గున్యా వచ్చి కీళ్లు పట్టేసినప్పుడు కూడా కుర్చీలో మోయించుకుని వచ్చి వాక్యం చదివింది. అలాంటి మనిషి చెవుల్లో 'ఆరాధన జరగని సంఘం' అన్న మాట పడితే ఎలా ఉంటుందో మీరే ఊహించండి.

రెండు నిమిషాల తర్వాత ఆమె మళ్లీ మెట్లెక్కి లోపలికి పోయింది. ఈ కలిపే పని చూసే కమిటీకి అధ్యక్షుడుగా చిత్తూరు నుంచి వచ్చిన రెవరెండ్ సుందరరాజు ముందు నిలబడింది.

"మాది ఆరాధన లేని సంగమని యెవురు సెప్పినారు అయ్యగారూ?"

"మీరే చెప్పారమ్మా" అని ఆయన ఫారం తీసి చూపించాడు. ఏడో ప్రశ్న. 'ఆదివారం ఉదయం పది గంటల ఆరాధన క్రమంగా జరుగుతున్నదా?' దాని ఎదురుగా 'లేదు' అన్నచోట నీలం సిరాతో టిక్కు. కింద సంఘం తరఫున ఎల్లప్ప సంతకం.

ఎల్లప్ప గంట కొట్టే మనిషి. నాలుగక్షరాలు వచ్చినవాడని సంఘం కాగితాలు కూడా అతని చేతికే ఇచ్చారు. నాగరత్నమ్మ అందరి ముందే అతనికి ఫోను కలిపింది.

"ఏం ఎల్లప్పా, మనకు ఆరాధన లేదని రాసినావా?"

"అట్లెట్ల రాస్తానక్కా! పది గంటల ఆరాధన ఉండాదా అని అడిగినారు. పదికి మనకు యాడుండాది? ఐదున్నరకు గదా! సర్చి కాగితంలో అబద్దం రాయమంటావా?"

సమావేశంలో ఎవరో నవ్వారు. నాగరత్నమ్మ నవ్వలేదు. ఏడుపొకటే తక్కువ ఆమెకు. నిజం చెప్పినందుకు చర్చి మూతపడడం ఆమె ఇంతకు ముందు ఎక్కడా వినలేదు.

ధనశేఖర్ మాత్రం పట్టు వదల్లేదు. తాను రెండుసార్లు పది గంటలకు వెళ్లి చూశానని, రెండుసార్లూ తలుపుకు తాళమే ఉందని చెప్పాడు. అదీ నిజమే. చివరికి సుందరరాజు అయ్యగారు ఒక మాట అన్నాడు. "తాళం వేయమన్న ఆదివారమే నేను స్వయంగా వస్తాను. మీరు చెప్పిన వేళకే వస్తాను. నా మనసుకు ఒప్పితే జాబితాలోంచి పేరు కొట్టేస్తాను. ఒప్పకపోతే గిన్నె నా చేతులతోనే తీసుకుపోతాను. సరేనా అమ్మా?"

"సరే అయ్యగారూ" అన్నది నాగరత్నమ్మ. అనేసి ఇంటికి వచ్చి మూడు రోజులు అన్నం సరిగా తినలేదు.

* * *

ఆ ఆదివారం వచ్చింది.

పలమనేరు చుట్టుపక్కల పొగమంచు సంగతి మీకు తెలిసే ఉంటుంది. అయిదుంబావుకు అయ్యగారి కారు చర్చి ముందు ఆగేసరికి గంటస్తంభం కూడా కనిపించడం లేదు. కానీ చప్పుళ్లు వినిపిస్తున్నాయి. క్యాన్ల మూతలు, చెప్పులు, దగ్గులు, ఎవరో పిలకాయల్ని అదిలించడం. కారు దిగిన ధనశేఖర్ ఫోను లైటు వేసి చూశాడు. చర్చి రాతి వసారా పొడుగునా పాల క్యాన్లు వరసగా ఉన్నాయి. మూతల మీద ఎర్ర పెయింటుతో ఇంటిపేర్లు రాసి ఉన్నాయి.

ఆ ఊళ్లో ఆవుల్ని నాలుగింటికి పిండుతారు. పాల బండి ఆరున్నరకు వస్తుంది. బండి పోయాక గడ్డి కోత, పేడ, మడి, మళ్లీ సాయంత్రం పిండడం. ఆవుకు ఆదివారం లేదు. కాబట్టి పిండడానికీ బండికీ మధ్య దొరికిన గంటను వాళ్లు దేవుడికి ఇచ్చుకున్నారు. ముప్పై ఏళ్ల నుంచి ఇదే పద్ధతి. లోపలికి వచ్చే ప్రతి ఇంటివాళ్లూ గుమ్మం దగ్గరున్న పెద్ద గుండిగలో ఒక గ్లాసు పాలు పోస్తారు. దాన్ని సంఘం పాలు అంటారు. ఊళ్లో బాలింతలున్న ఇళ్లకూ మంచం పట్టినవాళ్లున్న ఇళ్లకూ అవి పోతాయి. ఆ ఇల్లు చర్చికి వచ్చేదా కోవెలకు పోయేదా అని ఎవరూ అడగరు.

ధనశేఖర్ క్యాన్ల వైపు చెయ్యి చూపించాడు.

"సూసినారా అయ్యగారూ? బండి కోసరం వచ్చిన జనం వీళ్లంతా. ఎట్లాగూ ఈడికి రావల్ల, వచ్చినోళ్లు ఒక పాట పాడుకుంటా ఉండారు. దీన్ని సంగమంటే పాల సెంటర్లన్నీ సంగాలే."

నాగరత్నమ్మ అప్పుడే గుండిగలో పాలు పోస్తోంది. ఆ మాట ఆమె చెవిన పడింది. పాలు కొన్ని నేల మీద ఒలికాయి. కొంగుతో చెయ్యి తుడుచుకుని, "లోపలికి రాండి అయ్యగారూ, సలి జాస్తిగా ఉండాది" అని దారి ఇచ్చింది.

ఎల్లప్ప గంట కొట్టాడు. లోపల బెంచీలు లేవు, చాపలున్నాయి. ఆ చాపల మీద ఇసుక వేస్తే రాలనంత జనం. అయ్యగారికి వెనక గోడ పక్కన కుర్చీ వేశారు, ఆయన కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడి చూస్తూ ఉన్నాడు. నాగరత్నమ్మ పుస్తకం తెరిచింది, తెరిచిందే గానీ అందులోకి చూడలేదు. ఆమె ఒక మాట అంటే నూటికి పైగా గొంతులు రెండో మాట అందుకుంటున్నాయి. ఎవరి చేతిలోనూ పుస్తకం లేదు. చదువు రాని ముసలమ్మలు కూడా ఆరాధన క్రమం మొత్తం అక్షరం పొల్లుపోకుండా చెబుతున్నారు. పాస్టరు లేని ఆరేళ్లలో వాళ్లకు వాళ్లే దాన్ని నోటికి పట్టించుకున్నారు.

సరిగ్గా అయిదూ యాభైకి బయట హారన్ మోగింది.

బండి! ఆరున్నరకు రావలసింది నలభై నిమిషాలు ముందే వచ్చేసింది. ఆ రోజు ముహూర్తాల రోజు. పెండ్లి బస్సులతో రోడ్డు నిండిపోకముందే డెయిరీకి చేరాలని డ్రైవర్ మురుగేష్ తొందరపడ్డాడు. మళ్లీ హారన్. మళ్లీ.

నాగరత్నమ్మ అప్పుడు ప్రార్థన మధ్యలో ఉంది. ఈ తొందరలో బండి ఆగకుండా పోతే ఆ పూట పాలన్నీ పోయినట్టే. నూరు గడపల పాలు. ఇంకో రోజైతే తానే ప్రార్థన కాస్త కుదించేదేమో, దేవుడు అర్థం చేసుకోడా ఏం? కానీ ఈ రోజు వెనక గోడ పక్కన అయ్యగారున్నాడు. ఆయన పక్కన ధనశేఖర్ చేతులు కట్టుకుని, ఇప్పుడు చూడండి అన్నట్టు నిలబడ్డాడు. కళ్లు మూసుకుని ఉంటే జనం లేచి పోతున్నారో లేదో తెలియదు. ఆమె కళ్లు తెరవలేదు. రోగుల పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. బాలింతల పేర్లు చెప్పింది. పరీక్షలు రాస్తున్న పిల్లల పేర్లు చెప్పింది. ఒక్క పేరు కూడా వదల్లేదు.

"ఆమేన్" అన్నది.

"ఆమేన్" అని చర్చి కప్పు ఎగిరిపోయేలా జవాబు వచ్చింది.

ఆమె కళ్లు తెరిచి చూసింది. ఒక్క చాప ఖాళీ కాలేదు. ఒక్క మనిషి లేవలేదు. గుమ్మం బయట మురుగేష్ చెప్పులు విడిచి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ధనశేఖర్ అతని దగ్గరికి గబగబా వెళ్లి, "నువ్వు పోలేదే?" అన్నాడు.

"యాడికి పోయేది సార్?" అన్నాడు మురుగేష్. "ఆదివారం ఈ ఊర్లో ఆమేన్ అన్నంక గానీ క్యాన్ లేవదు. హారన్ కొడితే వస్తారేమోనని మొదట్లో సానా దినాలు సూసినాను. ఒగరూ రాలేదు. ఇంగ నేనే ఆగేది నేర్సుకున్నా. ఈ పొద్దు ఏదో తొందరలో పాత అలవాటుగా కొట్టేసినాను, తప్పయింది."

ఆ మాటలు లోపలిదాకా వినిపించాయి. నా జనం, అనుకుంది నాగరత్నమ్మ. నా జనం!

ఇక మాట్లాడవలసింది తానేనని ఆమెకు తెలిసిపోయింది. బల్ల దగ్గరికి నడిచింది. తెల్లగుడ్డ కప్పిన గిన్నెను రెండు చేతులా ఎత్తుకుని, చాపల మధ్య దారిలో నడుచుకుంటూ వెనక గోడ దాకా వచ్చింది. దొరల కాలం నాటి గిన్నె అది. అంచు ఒకచోట సొట్ట పడింది.

"గిన్నె తీసుకునేదానికి వచ్చినారు గదా అయ్యగారూ. తీసుకోండి. తీసుకోని, మాకు ఇయ్యండి. ఎనిమిది నెలలాయె మేం దీంట్లో నుంచి తాగి."

సుందరరాజు అయ్యగారు గిన్నె మీది గుడ్డ కాస్త తొలగించి చూశాడు. గుడ్డ కింద అది ఖాళీగా లేదు. ద్రాక్షరసం నిండుగా ఉంది.

"ఇది... ఈ రోజు నేను వస్తానని తీశారా?"

జవాబు ఎల్లప్ప చెప్పాడు. "లేదయ్యగారూ. నెలనెలా మొదటి ఆదివారం తీస్తాం. యెవురైనా అయ్యగారు వస్తారేమోనని. రాకుంటే పిలకాయలు తాగేస్తారు."

అయ్యగారు కోటు విప్పి కుర్చీ మీద వేశాడు. బ్యాగులోంచి తెల్ల అంగీ తీసి తొడుక్కున్నాడు. నలభై ఏళ్ల సేవలో ఎన్నో చోట్ల ఆ గిన్నెలాంటి గిన్నెలు ఎత్తిన మనిషి, పెద్దరాళ్లపల్లెలో దాన్ని ఎత్తేటప్పుడు రెండుసార్లు ఆగాడు. జనం వరసలో వచ్చారు. పేడ మరకలున్న చీరలతో, పాల వాసన పోని చేతులతో వచ్చి మోకరించారు. మురుగేష్ బయటే నిలబడి, ఏ క్యాన్ ముందు ఎత్తాలో లెక్కవేసుకుంటూ ఓపిగ్గా ఉన్నాడు. పెండ్లి బస్సుల సంగతి అతను మరిచిపోయాడు.

వరసలో చివరి మనిషి లేచాక అయ్యగారు ఫారం తెప్పించుకున్నాడు. ఏడో ప్రశ్న ఎదురుగా ఉన్న 'లేదు'ను అడ్డంగా కొట్టేశాడు. పక్కనే రాశాడు: 'ప్రతి ఆదివారం ఉదయం ఐదున్నరకు జరుగుతున్నది. నేను ఉన్నాను, చూశాను.' సంతకం పెట్టి, అందరికీ వినపడేలా చదివాడు.

చప్పట్లు కొట్టకూడని చోటని ఎవరికీ గుర్తు రాలేదు. ఎల్లప్ప పరుగెత్తుకెళ్లి గంట అందుకున్నాడు. ఎందుకు కొడుతున్నాడో అతనికే తెలియదు, కొడుతూనే ఉన్నాడు.

"అది సరే అయ్యగారూ" అన్నాడు ధనశేఖర్ నెమ్మదిగా. మనిషి చెడ్డవాడు కాదు, కాగితాన్ని నమ్మిన మనిషి. "పేరు కొట్టేసినారు. కానీ పాస్టర్ను యాడ తెస్తాం? లేకనే గదా ఇదంతా."

ఈసారి నాగరత్నమ్మ తడుముకోలేదు. మూడు రోజులు అన్నం మానేసిన మనిషి ఊరికే కూర్చోలేదు మరి.

"నీ టౌను సర్చి యెన్ని గంటలకు ధనశేఖరప్పా?"

"పదికి."

"మాది ఐదున్నరకు. మీ అయ్యగారు ఈడ బల్ల ఇచ్చి, ఇంత కాఫీ తాగి, మురుగేష్ బండెక్కినా ఏడున్నరకు పలమనేర్లో ఉంటాడు. అందురూ పదికే ఆరాధన పెట్టుకుంటే ఒగ మనిషి నాలుగు తావుల యెట్లుంటాడు? అందుకే మీకు అయ్యగార్లు సాల్లేదు. వేళలు వేరేగా ఉంటే ఒగ అయ్యగారు మూడు సంగాలు సూసుకోవచ్చు. మీరు మమ్మల్ని పదికి రమ్మన్నారు. మా వేళ మీకెందుకు పనికొస్తాదో అడగనే లేదు."

మండలివారు రెండేళ్లు కమిటీలు వేసి, చిత్తూరుకూ తిరుపతికీ తిరిగి తేల్చలేని సంగతి అది. రెండావుల మనిషి పాలచేతులతో తేల్చేసింది. సుందరరాజు అయ్యగారు మొదట నవ్వాడు, తర్వాత తల మీద చేయి పెట్టుకున్నాడు.

"అయ్యో, ఇంత సులువా!" అన్నాడు. "అమ్మా, ఈ మాట మండలి సభలో మీరే చెప్పాలి. నేను చెబితే వినరు. పాలబండి దారిలో ఉండే ఊళ్లన్నీ ఒక గుంపు. దానికి పెద్ద సంఘం టౌను కాదు, పెద్దరాళ్లపల్లె."

ఎల్లప్ప మళ్లీ గంట దగ్గరికి పోబోతే నలుగురు పట్టుకుని ఆపారు.

ఆ సందడిలో ధనశేఖర్ ఒక్కడే కదలకుండా ఉన్నాడు. చేతిలో జాబితా ఉంది. దాన్ని పైనుంచి కిందికి చూస్తున్నాడు. మొహంలో రంగు మారింది.

"అయ్యగారూ" అన్నాడు. "ఆ ఫారం పదకొండు సంగాలకూ ఒకటే. అన్నిట్లోనూ ఏడో ప్రశ్నకు లేదు అనే ఉండాది. నేను ఆ ఒక్క జవాబు సూసే జాబితా రాసినాను."

అయ్యగారి నవ్వు ఆగిపోయింది. "తతిమ్మా పది చోట్లకూ మనుషుల్ని ఎప్పుడు పంపుతున్నావు?"

"పంపేది కాదు. పంపినాను. ఈ పొద్దే. నా సంతకంతో ఉత్తరాలిచ్చి." అతని గొంతు సన్నబడింది. "జాబితాలో మొదటిది మా సొంత ఊరే. నేను పుట్టిన ఊరు. పద్దెనిమిదేండ్లాయె ఆడికి పోయి. ఆ సర్చిలో ఆరాధన యెప్పుడో నిలిచిపోయిందనే అనుకున్నా."

"ఇంగా నిలబడుకోని సెప్తా ఉండావా?" అన్నది నాగరత్నమ్మ. "ఆడ మీవాళ్లెవురున్నా ఉండారా? ఫోన్ సెయ్యి!"

ధనశేఖర్ తన మేనత్త చంద్రకాంతమ్మకు ఫోను కలిపాడు. నాగరత్నమ్మ చెయ్యి చాపి స్పీకరు నొక్కింది.

"అత్తా, నేను ధనాని. మన సర్చిలో ఆరాధన... ఆరాధన జరగతా ఉండాదా?"

"ఏం మాట రా అది!" అవతల గొంతు ఖంగుమంది. "పొద్దన్నే పూలు కోసేది, సంతకు పంపేది, మద్దేనానికి గానీ తెరపి లేదు. సాయంత్రం నాలుక్కి ఆరాధన. నువ్వు పుట్టకముందు నుంచి నాలుక్కే! నీకు బాప్తిస్మం ఇచ్చింది యెప్పుడనుకున్నావు?"

ధనశేఖర్ కళ్లు మూసుకున్నాడు. పద్దెనిమిదేళ్లుగా టౌనులో ఇస్త్రీ గుడ్డలు వేసుకుని పది గంటలకు చర్చికి పోతూ, తన ఊరి ఆరాధన వేళ మరిచిపోయిన మనిషికి అంతకంటే ఏం మిగులుతుంది?

"ఆ మాట అట్లుండనీ" అన్నది చంద్రకాంతమ్మ. "ఈడ ఇద్దరు మగోళ్లు వచ్చి నిలబడుకోని ఉండారు. గిన్నె ఇయ్యండి, తాళం వెయ్యల్ల అంటారు. నీ సంతకమని కాగితం సూపిస్తా ఉండారు. నేను సర్చి గడపకు అడ్డంగా కూసున్నా. నువ్వు సెప్పు ధనా. నీ సంతకమేనా? లెయ్యమంటావా, కూసోమంటావా?"

చర్చి నిండా జనం. అందరి చూపులూ ధనశేఖర్ మీదే. అతను చేతిలోని జాబితాను నిలువునా చించేశాడు.

"నా సంతకమే అత్తా. తప్పు నాదే. నువ్వు లెయ్యొద్దు, కూసో! మేం వస్తాండాం, అయ్యగారు కూడా వస్తా ఉండారు!"

అప్పటికే సుందరరాజు అయ్యగారు అంగీతోనే కారు వైపు పరుగెత్తుతున్నాడు. నాగరత్నమ్మ కొంగు దోపుకుని వెనక సీట్లో ఎక్కింది. చంద్రకాంతమ్మ గొంతు ఫోనులో మళ్లీ వినిపించింది, ఈసారి గుసగుసగా.

"కూసుంటాలే నాయనా. కానీ బిరీన రాండి. నేను కూసున్నది ముందర గడపలో. వాళ్లు ఎనక తలుపు పక్కకు పోతా ఉండారు."